బూడిద సామి పథ్యం

ఎదుటివాళ్ల మూఢనమ్మకాన్ని కడిగిపారేసే ముందు, పొద్దున్నుంచి మీరేం తిన్నారో, ఎంత దూరం నడిచారో ఎప్పుడైనా గమనించుకున్నారా? ఆ రోజుల్లో, అంటే డెబ్బయ్యో దశకం మొదట్లో, నేను గమనించుకోలేదు. సంతోష్‌నగర్‌లో పెద్దమ్మ ఇంట్లో ఉంటూ, కుర్చీలోంచి కదలకుండా హేతువాద వ్యాసాలు రాసేవాణ్ని. ఇరానీ చాయ్, బన్ను, మిర్చి బజ్జీ, అంతే నా భోజనం. (కడుపు మూడు రోజులు బిగుసుకుని నాలుగో రోజు తిరగబడేది. అది మేధావి లక్షణం అనుకునేవాణ్ని.)

పెద్దమ్మకు ఏళ్ల తరబడి కడుపునొప్పి. మలక్‌పేటలో ఒక బూడిద సామి ఇచ్చిన చిటికెడు బూడిదతో నలభై రోజుల్లో తగ్గిందని ఆమె వాడకట్టంతా చెప్పింది. నేను మండిపడి, సామిని సవాలు చేసి సభకు పిలిచాను. అక్కడ ఓడిస్తే జనం అతని గడప తొక్కడం మానేస్తారని నా పట్టుదల. సభలో పెద్దమ్మనే నిలదీశాను. నీకు నొప్పి తగ్గనే లేదు, తగ్గిందని భ్రమపడుతున్నావు అన్నాను. ఆమె నింపాదిగా నా వైపు చూసింది.

"నా కడుపు సంగతి నీకెట్ల ఎర్కరా బిడ్డా? నీదే సక్కగ లేకపాయె."

సరిగ్గా అప్పుడే పొద్దుటి బజ్జీలు తమ వాదన మొదలుపెట్టాయి. వేదిక దిగి పరుగెత్తాను. "సామిని తిట్టినోనికి గట్లనే అయితది భాయ్" అని ఎవరో అనడం, జనం నవ్వడం పాయఖానా తలుపు దాకా వినిపించాయి. తిరిగొచ్చేసరికి సామి మెడలో దండలు.

మర్నాడు సామి పెట్టిన పథ్యం సంగతి పెద్దమ్మే చెప్పింది. నలభై రోజులూ నూనె సరుకు మానాలట. పులిసిన జొన్న అంబలి, మజ్జిగ తాగాలట. రోజూ మలక్‌పేట దాకా నడిచొస్తేనే బూడిద ఇస్తాడట.

"ఈ మాట నిన్న చెప్పకపోతివేంది పెద్దమ్మా?"

"నువ్వు అడిగితివా?"

మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయనీ, మన తిండీ నడకా వాటి మంచిచెడ్డలను మారుస్తాయనీ ఇప్పుడు చదువుతున్నాను. ఆమెకు మేలు చేసింది అంబలీ, మజ్జిగా, నడకా. పేరు మాత్రం బూడిదకు దక్కింది. దక్కేలా చేసింది నేను. మరుసటి ఏడు పెద్దమ్మకు టైఫాయిడ్ వచ్చినప్పుడు, దవాఖానకు పోదామని కాళ్లు పట్టుకున్నా వినకుండా ఆమె బూడిదనే నమ్ముకుంది. నా మాటకు అప్పటికే విలువ లేదు. పదిహేనో రోజున పోయింది.

ఈ వయసులో నేను పొద్దున్నే అంబలి తాగి మలక్‌పేట దాకా నడిచొస్తున్నాను. వేదిక మీంచి పరుగెత్తిన ఆ బక్కపలచని మేధావి గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ వెంటే పెద్దమ్మ గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోతుంది. మీరైనా "నాకు తగ్గింది" అన్నవాళ్లను ఎగతాళి చేయకండి. పక్కన కూర్చుని, బూడిదతో పాటు ఏం తిన్నావు, ఎంత నడిచావు అని అడగండి. మీ ఇంట్లోనే, ఇవాళే అడగండి.