ఖాళీలు కొట్టేసి సంతకం పెట్టిన మావ

మా మావ పోయాడు. కబురు మాత్రం అలా రాలేదు. విమానం దిగి ఫోను ఆన్ చేయగానే బావ మెసేజు కనిపించింది, వాళ్ల నాన్నకి సీరియస్‌గా ఉంది, వెంటనే బయల్దేరి రమ్మని. మా వైపు చావు కబురు ఎప్పుడూ ఈ వేషంలోనే వస్తుంది. దాన్ని ఎలా పట్టుకోవాలో నాకు నేర్పినవాడు మావే. సీరియస్ అన్నవాడిని ఏ ఆస్పత్రి, ఏ వార్డు, పక్కన ఎవరున్నారు అని వరసగా అడగాలి, మధ్యలో తడబడ్డాడంటే మనిషి లేనట్టే అనేవాడు. బావకు ఫోన్ చేసి ఏ ఆస్పత్రి అని అడిగాను. శ్రీకాకుళంలో అన్నాడు. ఏ వార్డు అన్నాను. ముందు నువ్వు బయల్దేరు అన్నాడు. మావ పొద్దున్నే టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకి అలాగే వాలిపోయాడట. ఆ సంగతి ఇంటికి చేరాక తెలిసింది.

మావ అంటే అమ్మకు తమ్ముడు. నేను ఒక చిన్న విమాన సంస్థలో కో-పైలట్‌ని. పెద్ద ఊళ్ల నుంచి చిన్న ఊళ్లకు తిరిగే, రెక్కలకు పంకాలున్న విమానాలు మావి. సెలవు అడుగుతూ ఆఫీసుకి మేనమామ పోయాడని మాత్రమే రాశాను. మధ్యాహ్నానికల్లా సంతాపం తెలుపుతూ మెయిలు వచ్చింది. మాటలు మర్యాదగా ఉన్నాయి. మావ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, తప్పు లేకుండా రాశారు. అక్కడే నాకు మనసులో ఏదో కెలికినట్టయింది. నేను చెప్పని పేరు వాళ్లకెలా తెలిసింది? ఏడుస్తున్న మనిషికి ఇలాంటి ప్రశ్న రాకూడదేమో. మావ చేతిలో పెరిగినదాన్ని కాబట్టి వచ్చింది.

రెండు రోజులు తిరగ్గానే జవాబు దొరికింది. నా శిక్షణ ఒప్పందానికి జామీనుగా ఉన్న వ్యక్తి మరణించినందువల్ల, నెలలోపు మరొకరి చేత సంతకం చేయించి పంపాలనీ, లేకపోతే శిక్షణకు అయిన ఖర్చంతా ఒకేసారి కట్టాల్సి వస్తుందనీ రెండో మెయిలు. అంటే సంతాపం రాయడానికి ముందే నా ఒప్పందం కాగితాలు బయటికి తీశారన్నమాట.

ఈ ఒప్పందం సంగతి కొంచెం చెప్పాలి. పైలట్ లైసెన్సు చేతికొచ్చినా ఫలానా రకం విమానం నడపాలంటే దానికి వేరే శిక్షణ కావాలి. చాలా ఖరీదు. నాబోటి వాళ్లకు ఆ ఖర్చు కంపెనీయే పెట్టుకుంటుంది. బదులుగా కొన్నేళ్లు వాళ్ల దగ్గరే పని చేయాలి. మధ్యలో మానేసినా, తీసేసినా ఆ సొమ్మంతా వెనక్కి కక్కాలి. బాండు అంటారు దీన్ని. దానికి సొంత ఇల్లో పొలమో ఉన్న మనిషి జామీను కావాలన్నారు. రొయ్యల చెరువుల మీద నాన్న సంపాదించిందంతా నా చదువుకే బ్యాంకులో తాకట్టులో ఉంది. ఇక అడగడానికి మిగిలింది మావ ఒక్కడే. అడిగినా సంతకం పెట్టడని ఇంట్లో అందరికీ తెలుసు.

ఎచ్చెర్ల దాటాక సముద్రం వైపున్న మా ఊళ్లలో మావ అనుమానం పేరుమోసింది. సొంత అక్క గంపలో చేపకైనా మొప్ప ఎత్తి చూడనిదే ముట్టుకునేవాడు కాదు. గ్యాసు బండ వస్తే ముందు సీలు చూసి, తర్వాత తెచ్చినవాడి మొహం చూసేవాడు. చీపురుపల్లి స్టేషన్లో టికెట్టు చేతిలో ఉన్నా, ఇది ఏ ఊరెళ్లే బండి అని ఇద్దరిని అడిగేవాడు. ఇద్దరూ ఒకే మాట చెబితే, వీళ్లిద్దరూ కలిసి వచ్చినవాళ్లేమోనని దూరంగా నిలబడ్డ ఇంకొకరిని అడిగేవాడు. ఫోన్ నంబరు మాత్రం ఇంట్లోవాళ్లకు తప్ప చచ్చినా ఎవరికీ ఇచ్చేవాడు కాదు. నంబరిస్తే ఇంటి తాళం ఇచ్చినట్టేనని అతని లెక్క.

ఈ అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. పడుచుతనంలో మావ ఒడిశాలోని పరదీప్‌లో చేపల బోట్లలో పనికి వెళ్లాడు. వేట మొదలయ్యే ముందు బోటు ఓనరు అడ్వాన్సు ఇస్తాడు. తీసుకున్నవాడు ఆ సీజను అయ్యేదాకా ఆ బోటు మనిషి. మావ సంతకం పెట్టిన కాగితంలో కింద కొంత ఖాళీ ఉంది. సీజను అయిపోయి ఇంటికి బయల్దేరబోతే, ఆ ఖాళీలో ఇంకో సీజను రాసి చూపించారు. ఆ రెండో సీజనులోనే తోటివాడికి జ్వరం వచ్చింది. పైగా సముద్రం బాగోలేదు. రానని చెప్పాలని అతని నాలుక చివరిదాకా వచ్చింది గానీ, అడ్వాన్సు తిన్నందుకు చెప్పలేక బోటెక్కాడు. బోటు తిరిగి వచ్చింది, అతను రాలేదు. మావ ఇది నాకు ఒక్కసారే చెప్పాడు. చెబుతున్నంత సేపూ వల అల్లుతూనే ఉన్నాడు, తల ఎత్తలేదు.

అప్పటి నుంచి ఏ కాగితంలోనైనా ఖాళీ కనిపిస్తే చాలు, పెన్ను తీసి అడ్డంగా గీత కొట్టేసేవాడు. రేషను అర్జీ అయినా సరే, చివరికి శుభలేఖ మీద కింద మిగిలిన జాగా అయినా సరే.

నా ఒప్పందం తీసుకెళ్లినప్పుడు, ప్రతి ముక్కా తెలుగులో చెప్పించుకున్నాడు. అరుగు మీద ఎండ మా కాళ్ల దాకా వచ్చేసింది. పెదవి విరుస్తూ, మధ్యమధ్య వెనక్కి వెళ్లి చదివిందే మళ్లీ చదవమంటూ, నేను ఏదైనా దాటేస్తున్నానేమోనని నా కళ్లలోకి చూస్తూ విన్నాడు. అంతా అయ్యాక ఒకే ప్రశ్న వేశాడు.

"ఒంట్లో బాగోనప్పుడు రానని సెప్పడానికి ఇందులో ఏటైనా ఉన్నాదేటే?"

ఒంట్లో బాగోకపోతే పైలట్ ఎగరకూడదని అసలు రూలే ఉందని చెప్పాను.

"రూలు కాదమ్మీ. ఈ కాగితంలో ఉన్నాదా, నేదా?"

లేదన్నాను. ఇక లేచి వెళ్లిపోతాడనుకున్నాను. లేచాడు, లోపలికి వెళ్లాడు, పెన్ను పట్టుకుని వచ్చాడు. సంతకం పెట్టి, ప్రతి పేజీలోనూ ఖాళీలన్నిటికీ ఏటవాలుగా గీతలు కొట్టాడు. ఫోన్ నంబరు రాయాల్సిన చోట రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీ నంబరు వేశాడు. కాగితాలు నా చేతిలో పెట్టి అన్న మాటలు ఇవి:

"నాను సంతకం ఎట్టింది నిన్ను ఆళ్లకి కట్టేయడానికి కాదు. ఒళ్లు బాగోపోతే, గాలి బాగోపోతే, రాననేయ్. ఇల్లు తీసుకుంటామంటే తీసుకోనీ. ఇల్లు మళ్లీ కట్టుకుంటాం."

అంత మాట అన్నాడని ఇంటికొచ్చి చెబితే ఎవరూ సంతోషించలేదు. సొంత అక్క చేపని నమ్మనివాడు ఊరికే ఇల్లు రాసిస్తాడా? ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. మావకి కొడుకున్నాడు, వరసకి నాకు బావ. మేనరికం మా ఇళ్లలో కొత్త కాదు. సంతకం ఇప్పుడు పెట్టాడు, పిల్లను రేపు అడుగుతాడని పిన్ని తేల్చేసింది. అమ్మ ఔననలేదు, కాదనలేదు. నాకూ అదే అనిపించింది. బావ ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాను. అత్త చీర పెడితే, ఎందుకు పెట్టిందో మడతల్లో దొరుకుతుందన్నట్టు విప్పి విప్పి చూశాను. అడిగితే ఏమని జవాబు చెప్పాలో గాల్లో ఉన్నప్పుడు కూడా ఆలోచించేదాన్ని. ఇంటి మీద సంతకం పెట్టిన మనిషికి కాదని ఎలా చెబుతాను?

అడగనేలేదు. బావకు విజయనగరం అమ్మాయితో పెళ్లయింది. ఆ పెళ్లిలో భోజనాల దగ్గర అందరికన్నా ముందు నాకే వడ్డించమని మావ హడావిడి చేశాడు. అయినా నా అనుమానం పోలేదు, ఇంకో దారి పట్టింది. ఇంతకన్నా పెద్దదేదో అడుగుతాడేమో అనుకున్నాను.

ఈలోగా ఓ పొగమంచు రోజు వచ్చింది. ముందు రోజంతా తిరిగి తిరిగి ఉన్నాను, నిద్ర లేదు, జలుబుతో చెవులు దిబ్బడేశాయి. అలాంటి చెవులతో ఎగిరితే దిగేటప్పుడు నరకం కనిపిస్తుంది, చెయ్యి ఆడాల్సిన చోట ఆడదు. నా వెనక కూర్చునే వాళ్లకు ఇవేవీ తెలియవు. డ్యూటీలు వేసే ఆఫీసుకి రాలేనని చెప్పాను. అవతలి మనిషి ఎంతో సౌమ్యంగా, మీ అగ్రిమెంటు ఒకసారి చూసుకోండి మేడమ్ అన్నాడు. ఆ సౌమ్యం వినగానే యూనిఫాం తొడుక్కోవడానికి చెయ్యి వెళ్లింది కూడా. మావకు ఫోన్ చేశాను.

విని, "రాననేసినావా?" అన్నాడు. ఔనన్నాను. "మరింకేటి? వేణ్ణీళ్లు తాగి తొంగో" అని పెట్టేశాడు.

నా జామీనుదారుతో మాట్లాడాలని ఆఫీసు వాళ్లు ఆ రోజు ప్రయత్నించారట. ఫోను ఐసు ఫ్యాక్టరీలో మోగింది. అక్కడి గుమాస్తా ఎన్ని దిమ్మలు కావాలని అడిగాడట. మళ్లీ చేశారు, మళ్లీ దిమ్మలే. తర్వాత ఊరుకున్నారు. నేను ఆ రోజు ఎగరలేదు. మావ ఇల్లూ ఎక్కడికీ పోలేదు.

దినకార్యం అయిన రోజు, చుట్టాలంతా వెళ్లిపోయాక, నెల గడువున్న ఆ కాగితం గురించి ఇంట్లో చెప్పాను. జామీను లేకపోతే ఉద్యోగం సంగతి అలా ఉంచి, కట్టాల్సిన సొమ్ము మా నాన్నను ముంచేస్తుంది. అయినా తండ్రి పోయిన ఇంట్లో ఎవరినీ అడగదలచుకోలేదు, ఊరికే చెప్పాను. బావ చెయ్యి చాపాడు, ఇటివ్వు అని. నేను ఇవ్వలేదు. నా మొహంలో ఏం కనిపించిందో గానీ, అప్పటిదాకా మూలన కూర్చున్న అత్త నోరు విప్పింది.

"నిన్ను మా ఇంటికి తెచ్చుకోవాలని నీ సిన్నప్పటి నుంచీ మాకున్నాది. నీకూ అనుమానం ఉండీసుంటాది. ఆ పొద్దు సంతకం ఎట్టి లోపలికొచ్చి మీ మావ ఏటన్నాడో తెలుసా? ఇంక ఆ పిల్లని అడగొద్దన్నాడు. జామీను ఎట్టినోడు అడిగితే కాదని ఎలగ సెప్తాది, అది అడ్వాన్సు అయిపోద్ది అన్నాడు. మళ్లీ ఆ ఊసెత్తనివ్వనేదు."

నేను ఏడ్చాను. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. నేను అన్నాళ్లూ అతన్ని అనుమానించానని తెలిస్తే మావ నొచ్చుకునేవాడు కాదు, మంచి పని చేశావనేవాడు. అతను మాత్రం ఆ ఒక్క సంతకంతో తనకున్న కోరికను తానే కొట్టేసుకుని, ఆ మాట నా చెవిన పడకుండా పోయాడు. చెబితే అదీ ఒక బాకీ అవుతుందనుకున్నాడేమో.

బావ భార్య నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, బావ పక్కనే నిలబడింది. బావ మళ్లీ చెయ్యి చాపాడు. "ఇప్పుడు భయమేటి? నాకు పెళ్లయిపోనాది గదా" అన్నాడు. అత్త కూడా ఆ మాటకు చిన్నగా నవ్వింది.

కాగితం ఇచ్చాను. బావ వెంటనే సంతకం పెట్టలేదు. ప్రతి ముక్కా తెలుగులో చెప్పమన్నాడు. నేను చెబుతుంటే, ఏమైనా దాటేస్తున్నానేమోనని నా కళ్లలోకే చూస్తున్నాడు. ఒంట్లో బాగోనప్పుడు రానని చెప్పడానికి ఇందులో ఉందా అని అడిగాడు. లేదన్నాను. తల ఊపి, సంతకం పెట్టి, కింద మిగిలిన జాగాలో ఏటవాలుగా గీత కొట్టాడు.

ఫోన్ నంబరు దగ్గరకొచ్చి పెన్ను ఆగింది. దండ వేసిన మావ ఫొటో వైపు ఒకసారి చూశాడు. తర్వాత తల దించి, ఎవరినీ అడక్కుండా, ఐసు ఫ్యాక్టరీ నంబరు వేశాడు.