మాటల్లేని రెండు పేజీలు

రావులపాలెం అరటి మార్కెట్‌లో గుమాస్తాగా చేసే పల్లంరాజుకి ఒక పిచ్చి ఉండేది. గాలిలో ఎగిరే వీరుల బొమ్మల పుస్తకాలు. మెడకి ఎర్ర దుప్పటి ముడేసుకుని మేడల మీంచి దూకేవాళ్ళ కథలు, మద్రాసులో తెలుగు చేసి అచ్చేసినవి, రాజమండ్రిలో పాత పుస్తకాల బళ్ళ మీద ఏరుకొచ్చేవాడు. మీసాలు నెరిశాక ఈ పిల్లల పుస్తకాలేంటని మార్కెట్టంతా నవ్వుకునేది. నవ్వితే నవ్వారు. ఒక గడిలో ఎత్తిన పిడికిలి గీసి, పక్క గడిలో దెబ్బ చూపకుండా పగిలిన అద్దం మాత్రమే గీసినవాడి తెలివికి అతను మనసులోనే దణ్ణం పెట్టుకునేవాడు.

పెళ్ళైన కొత్తలో భార్య మాణిక్యాంబ పక్కన చేరి, "ఏంటండి, అందులో అంత?" అని అడిగింది.

"నీకు అర్థం కాదులే. నీ చేతికి నూనె ఉంది, ముట్టుకోకు" అన్నాడు.

ఇంకోసారి అడిగినా అదే జవాబు. ఆమె అడగడం మానేసింది. ఇరవై ఏళ్ళు ఆ ట్రంకుపెట్టె జోలికి పోలేదు. మహారాజుగారి ఖజానా మరి, ఆడమనిషి ముట్టుకుంటే కరిగిపోదూ.

రెండువేల మూడులో నీటికాసుల జబ్బు అతని రెండు కళ్ళనూ తినేసింది. పోయిన చూపు ఇక రాదని కాకినాడ డాక్టరు తేల్చేశాడు. ఉద్యోగం పోయిన రోజు ఏడవని మనిషి, పెట్టె తెరిచి కాగితాలు తడుముకుని ఏడ్చాడు. అన్నీ ఒకేలా నున్నగా తగిలాయి.

ఒక పుస్తకం చివర్లో వీరుడు వరద నుంచి ఊరిని కాపాడలేకపోతాడు. ఆఖరి రెండు పేజీల్లో ఒక్క మాట లేదు. మునిగిన ఊళ్ళో నీళ్ళ ట్యాంకు మీద వాడొక్కడే కూర్చుని ఉంటాడు. పల్లంరాజు ఆ రెండు పేజీలే మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకునేవాడు. ఇప్పుడు తలుచుకుంటే వాడి చెయ్యి మోకాలి మీదుందో, ముఖానికి అడ్డం ఉందో గుర్తు రావడం లేదు. బయట పోయిన చూపు లోపల కూడా పోతోందని భయం పట్టుకుంది.

సిగ్గు చంపుకుని భార్యని అడిగాడు. "మాణిక్యం, పెట్టెలో వరద కథ పుస్తకం ఒకటుంది, చదివిపెడతావా?"

ఆమె కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివింది. "ఆగు. ఎవరు నువ్వు. ధడేల్. పారిపో." బొమ్మలు తీసేస్తే కథలో మిగిలింది అంతే.

"అయిపోయిందండి."

"ఇంకా రెండు పేజీలుండాలి."

"వాటిలో ఏం రాయలేదండి."

"బొమ్మ ఉంటుంది, చూడు."

పేజీ తిప్పిన చప్పుడైంది. "ఎవరో కూర్చున్నాడండి."

"ఎలా కూర్చున్నాడు? చెయ్యెక్కడ పెట్టాడు?"

ఆమె చాలాసేపు చూసింది. పాపం, నిజంగానే చూసింది.

"ఏదో నీలంగా ఉందండి అంతా. నాకు అర్థం కాదు కదండీ" అంది.

దెప్పినా బాగుండేది. ఆమె దెప్పలేదు. మొగుడు ఎప్పుడో చెప్పిన మాటని నమ్మేసిందంతే. పల్లంరాజు పుస్తకం ఇమ్మని చెయ్యి చాచాడు. అందించే ముందు ఆమె తన చేతులు కొంగుకి తుడుచుకుంటున్న చప్పుడు అతనికి వినిపించింది.