పైమూల తాళంచెవి

మా వదిన కళ్ళను ట్యాబు తినేసిందని ఉదయగిరిలో చెప్పుకుంటారు. మా అన్న కొట్టుకి ఎవరొచ్చినా ముందు ఆ కథే వినిపిస్తాడు. "ఆదివారమైతే చాలు, మా చెల్లెలు ఆత్మకూరు నించి దిగేది. వదినా మరదళ్ళు ఇద్దరూ ఆ ట్యాబులో తలకాయలు పెట్టి కూచునేవాళ్ళు. చూసినారా, కడాకు ఏమైందో?" అంటాడు. విన్నవాళ్ళు అయ్యో అని నోరు చప్పరిస్తారు. తమ ఇంట్లో పిల్లల సెల్‌ఫోన్లను కూడా నాలుగు తిట్టి, సబ్బు కొనుక్కుని పోతారు.

నేను ఒప్పుకోను. డాక్టరు గదిలో వదిన పక్కన కూర్చున్నది నేను, మా అన్న కాదు. ఆ ట్యాబు ఎవరి కళ్ళూ తినలేదు. అది లేకపోయి ఉంటే మేమంతా ఇంకొన్నేళ్ళు "ఆమె కళ్ళకేం, కొట్లో సూది పడినా వెతికి ఇస్తుంది" అనుకుంటూ ఉండేవాళ్ళం.

ఆ ట్యాబు మా మేనకోడలిది. నెల్లూరులో ఉద్యోగం వచ్చాక అది కొత్త ఫోను కొనుక్కుని, చదువుకునే రోజుల నాటి ట్యాబును తల్లికి ఇచ్చేసింది. అందులో ఒక ఆట ఎక్కించి పెట్టింది. సముద్రం ఒడ్డున పాత బంగళా. అందులో అక్క కనిపించకుండా పోతుంది, చెల్లెలు వెతుక్కుంటూ వస్తుంది. ఏ గదిలో చూసినా సామాను గుట్టలు. తెర కింద ఇంగ్లీషులో పేర్లు వస్తాయి. గొడుగు, గంట, పిట్ట, తాళంచెవి, అలా. గుట్టలో వాటిని పట్టుకుని వేలితో తాకాలి. అన్నీ దొరికితే తలుపు తెరుచుకుంటుంది, కథ ఒక అడుగు కదులుతుంది. దొరకకపోతే హింట్ అని ఒక బొత్తాం. అది నొక్కితే ఆ వస్తువు చుట్టూ మెరుపు తిరుగుతుంది.

మా పొత్తు ఎలాగంటే, చదవడం నాది, వెతకడం ఆమెది. కొన్నాళ్ళకు ఆ పేర్లన్నీ ఆమెకే వచ్చేశాయి. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక ఒక్కతే ఆడుకునేది.

నిజం చెప్పాలంటే నాకు ఆట కన్నా, ఆ ఆట గురించి జనం రాసే అభిప్రాయాలే ఎక్కువ రుచి. బస్సులో అవే చదువుకుంటూ వచ్చేదాన్ని. భర్త పోయాక పొద్దు గడవడానికి ఈ ఆటే దిక్కయిందని ఒకావిడ ఐదు నక్షత్రాలు ఇచ్చింది. దాని కిందే ఒకాయన, ప్రకటనలు చూడలేక చస్తున్నామని ఒకటే నక్షత్రం ఇచ్చి, అది కూడా వేస్తే గానీ రాయనివ్వలేదు కాబట్టి వేశానని చెప్పుకున్నాడు. బంగళా బొమ్మలు బాగున్నాయి, కథే తేలిపోయిందని కొందరు. అంత దూరం వెతికించి అక్కను చివర్లో అట్టపెట్టెలోంచి తీసినట్టు తీశారేమిటని ఇంకొందరు. ఈ మాట నాకు నచ్చింది. నేనూ ఒక పెద్ద అభిప్రాయం రాశాను. మూడు నక్షత్రాలు. దాచడం వేరు, కప్పెట్టడం వేరు. ఇత్తడి గంటను పసుపు గోడ మీద పసుపు రంగుతో గీయడం తెలివి అనిపించుకోదు. ఆడేవాళ్ళకు ఓర్పు ఉండాలి సరే, గీసేవాళ్ళకు నిజాయితీ ఉండాలి. రాసింది వదినకు చదివి వినిపించాను.

"ఆట చేసినోళ్ళతో కూడా తగువేనా మే నీకు?" అంది.

"డబ్బాలో బియ్యం తక్కువ పోస్తే నువ్వు ఊరుకుంటావా?"

"మా కొట్లో తక్కువ పొయ్యం," అని నవ్వింది.

ఆ నవ్విన మనిషే కొన్నాళ్ళకు నాకన్నా పెద్ద తగువు పెట్టుకుంది. పూలకుండీల గదిలో తాళంచెవి లేదంది. హింట్ నొక్కితే మెరుపు తిరిగింది. తాళంచెవి చక్కగా పైమూల మేకుకు వేలాడుతోంది.

"అదుగో ఉందిగా వదినా."

"ఇప్పుడుండాది. నేను చూసేటప్పుడు లేదు. నొక్కినాక తెచ్చి పెట్టినారు."

"ఎవరు?"

"ఆ ఆటోళ్ళు. ఇంకెవురు? హింట్లు అమ్ముకోవాల గదా."

తర్వాత గంట లేదంది. పిట్ట లేదంది. ప్రతిసారీ నొక్కినాకే తెచ్చి పెడుతున్నారంది. చివరకు నన్ను కూర్చోబెట్టి, తను చెబుతుంటే తెలుగులోనే అభిప్రాయం రాయించింది. ఒక నక్షత్రం. "మీ ఆట బాగుంది. కానీ ఉందని పేరు రాసిన వస్తువు బొమ్మలో పెట్టడం లేదు. హింట్ నొక్కిన తర్వాత పెడుతున్నారు. ఇది ధర్మం కాదు. మేము కొట్టు నడుపుతాము. లేని సరుకు ఉందని ఎన్నడూ చెప్పము." చివరి రెండు వాక్యాలూ తీసేద్దామన్నాను. తియ్యబాక, అవే ముఖ్యం అంది.

కొద్ది రోజులకు ఆట చేసిన వాళ్ళ నుంచి ఇంగ్లీషులో జవాబు వచ్చింది. మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం, వస్తువు కనబడని తెరను ఫొటో తీసి పంపండి అని. అందరికీ పంపే జవాబే. వదిన మాత్రం దాన్ని కోర్టు నోటీసు లాగా పట్టుకుంది. ఆ వారమంతా వస్తువు లేదనిపించిన ప్రతి తెరనూ ఫొటో తీసి నాకు పంపింది. "ఇంగ్లీషులో గట్టిగా రాయి మే, బతిమాలినట్టు రాయబాక" అని వాయిస్ మెసేజీ కూడా పెట్టింది.

ఆఫీసులో భోజనాల వేళ ఆ ఫొటోలు తెరిచాను. గట్టిగా రాయడానికి సిద్ధపడే తెరిచాను. మొదటి ఫొటోలో ఆమె లేదన్న గొడుగు ఉంది. రెండోదాంట్లో గంట ఉంది. పక్క సీటావిడకు చూపిస్తే, అన్నం కలుపుతూనే "ఇదుగో పిట్ట, ఇదుగో లాంతరు" అని చూపించేసింది. అన్నీ ఉన్నాయి. దాదాపు అన్నీ తెర పైభాగంలోనే ఉన్నాయి. మేకుకో, చూరుకో, బీరువా నెత్తినో. కింద పడి ఉన్నవాటిలో ఆమె ఒక్కటీ వదల్లేదు. క్యారేజీ మూత పెట్టేసి ఫొటోలన్నీ మళ్ళీ మొదటి నుంచి చూశాను.

అయినా నమ్మబుద్ధి కాలేదు. ఎందుకంటే కొట్టు ఉంది. మా తాత పెట్టిన కొట్టు అది. గుండుసూదుల అట్ట దగ్గర్నుంచి కొబ్బరితాడు దాకా, ఊళ్ళో చెక్కే చెక్క గరిటెల కట్టల దాకా, అన్నీ దొరుకుతాయి. ఆ కొట్లో ఒకటే చట్టం. వస్తువు చోటు మారకూడదు. సబ్బుల కంపెనీలు మారిపోయాయి గానీ సబ్బుల అర మారలేదు. చోటు మారిస్తే గిరాకీ మారిపోతుందని మా తాత నమ్మాడు, మా నాయన నమ్మాడు, ఇప్పుడు మా అన్న నమ్ముతున్నాడు. కాపురానికి వచ్చినప్పటి నుంచి వదిన ఆ అరల మధ్యే నిలబడింది. మనిషి అడగడం పూర్తయ్యేలోపు ఆమె చెయ్యి వస్తువు మీద ఉంటుంది. ఊరంతా ఆమె చూపును మెచ్చుకునేది. మేమూ అలాగే మెచ్చుకున్నాం.

ఆ ఆదివారం నేను ఒక పని చేశాను. వదిన లోపల కాఫీ పెడుతుంటే హారతి కర్పూరం డబ్బా తీసి పై అరలో, అందరికీ కనబడేట్టు ముందు వరసలో పెట్టాను. కాసేపటికి ఒక అవ్వ వచ్చి కర్పూరం అడిగింది. వదిన చెయ్యి నేరుగా పాత చోటికి పోయింది. ఖాళీ. తడిమింది. తలెత్తి చూసింది. పై అర వైపే చూసింది, డబ్బా మీదుగానే చూపు పోయింది, ఆగలేదు.

"కర్పూరం ఎవురు తీసినారు?" అని అరిచింది.

గల్లా దగ్గర నుంచి మా అన్న లేచాడు. "ఏందే ఇది? చోటు మార్చబాకండి అని నాయన చెప్పినాడా లేదా? మీ ఇష్టారాజ్యమా?"

అవ్వ గడప అవతలి నుంచే వేలు చూపించింది. "ఆ పైన ఉండాదే తల్లా. నీ నెత్తినే ఉండాది."

వదిన అవ్వను చూసింది, పై అరను చూసింది, నన్ను చూసింది. డబ్బా తీయలేదు. నేనే తీసి ఇచ్చాను. అవ్వ పోయాక నెమ్మదిగా అడిగింది. "నువ్వే పెట్టినావా?"

"ఊఁ."

"నేను చూసేటప్పుడు అక్కడ ఉన్నిందా?"

ఉందని చెప్పాను.

నెల్లూరులో కంటి డాక్టరు దగ్గర ఒక తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టమన్నారు. లోపల ఎక్కడ చుక్క వెలిగినా చేతిలో బొత్తాం నొక్కాలి. నేను పక్కన నిలబడి వింటున్నాను. ఒక్కోసారి ఎంతసేపటికీ నొక్కిన చప్పుడు రావడం లేదు. బయటికొచ్చి, "చుక్కలే వెయ్యకుండా కూచోబెట్టినారు మే" అంది. కానీ ఈసారి గొంతులో తగువు లేదు.

నీటికాసులు, అంటే గ్లకోమా అన్నాడు డాక్టరు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతుందట. నొప్పి ఉండదు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, అంచుల నుంచి చూపు తరిగిపోతుంది. తరిగిన చోట నల్లగా కూడా ఉండదట. పక్కనున్న గోడో ఆకాశమో అక్కడికి కూడా పరుచుకున్నట్టు ఉంటుంది. అందుకే మనిషికి తెలియదు. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికి జీవితాంతం చుక్కల మందు వేసుకోవాలి.

ట్యాబు చూసినందుకా సార్ అని నేనే అడిగాను. "కాదమ్మా. ఆ ఆట లేకుంటే మీరు ఇంకా ఆలస్యంగా వచ్చేవాళ్ళు," అన్నాడు. తర్వాత వదిన వైపు తిరిగి, "మీ పుట్టింట్లో ఎవరికైనా ఉందా? అమ్మకి, నాన్నకి?" అని అడిగాడు.

"ఎవురికీ లేదు సార్."

నేను ఆమె ముఖం చూశాను. వాళ్ళ నాయనది వరికుంటపాడు దగ్గర పల్లె. చివరి ఏళ్ళలో ఆయన గోడ మీద చెయ్యి పెట్టుకుని నడిచేవాడు. మంచినీళ్ళ చెంబు ఎదురుగా పట్టుకుంటేనే అందుకునేవాడు. ముసలితనం అన్నారు. ఆయనకు అప్పటికి నా ఇప్పటి వయసు కన్నా ఎంతో ఎక్కువ లేదు.

"సరే, మీ పిల్లలకు మాత్రం తప్పకుండా పరీక్ష చేయించండి. ఇది రక్తంలో వస్తుంది. ముందే తెలిస్తే చూపు కాపాడొచ్చు," అన్నాడు డాక్టరు. వదిన తల ఊపింది.

బస్సులో నా పక్కనే కూర్చుని మా అన్నకు ఫోను చేసింది. "ఆ ట్యాబు వల్లేనంట. ఇంక ముట్టుకోను," అంది. ఊళ్ళో తిరుగుతున్న కథ పుట్టింది అక్కడ, నా చెవి పక్కనే. మా అన్న దాన్ని మోస్తున్నాడంతే.

"ఏంది వదినా, ఆయన చెప్పిందేంది, నువ్వు చెప్పేదేంది?"

"ఊరుకో మే. అట్టనే ఉండనీ."

"పిల్లకు ఏం చెప్తావు?"

కిటికీ వైపు తిరిగింది. దారి పొడుగునా నేను వాదించాను, ఆమె వినలేదు.

మేనకోడలు ఊరికి వచ్చినప్పుడు నేనే చెప్పాను, డాక్టరు అన్న మాట అన్నట్టే. అది నవ్వింది. "నేను గేములే ఆడను గదత్తా. అమ్మకైతే ట్యాబు వల్ల వచ్చింది." ట్యాబు వల్ల కాదు, మీ అమ్మనే అడుగు అన్నాను. అడిగింది, నా ముందే. వదిన చేట పట్టుకుని పప్పు ఏరుతోంది. తల ఎత్తకుండా, "మీ అత్త సంగతి నీకు తెలవదా? దానికి ప్రతిదానికీ వాదన కావాల," అంది.

ఇద్దరూ నవ్వారు. నా నోరు మంచిది కాదన్నది ఈ ఇంట్లో ఎప్పుడో తేలిపోయిన విషయం. నేను చెప్పిన నిజం కూడా ఆ ఖాతాలోకే పోయింది.

ట్యాబు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఒక నక్షత్రం ఇచ్చిన అభిప్రాయం మాత్రం అక్కడే ఉంది. ఇప్పటికీ బస్సులో అవే చదువుతున్నాను, కానీ మునుపటి రుచి లేదు. ప్రకటనల మీద, కథ మీద రాసినవి దాటేస్తాను. ఎక్కడైనా ఎవరో ఒకరు, "వస్తువు అక్కడ లేదు, హింట్ నొక్కాకే వచ్చింది" అని రాస్తే అక్కడ ఆగిపోతాను. వాళ్ళలో ఎక్కువమంది తొందర మనుషులే అయ్యుంటారు. ఒక్కరైనా కాకపోవచ్చు. కళ్ళు చూపించుకోండి అని చెబుదామంటే, ఒకరి అభిప్రాయం కింద మరొకరు రాసే వీలు అక్కడ లేదు.

వదిన ఇప్పటికీ కొట్లో నిలబడుతుంది. ఏ వస్తువూ చోటు మారదు కాబట్టి చెయ్యి తప్పదు. "కళ్ళు పోయినా చెయ్యి పోలేదే" అని జనం మెచ్చుకుంటారు.

మొన్న వెళ్ళినప్పుడు మందు నేనే వేశాను. చుక్క పడ్డాక కాసేపు కళ్ళు మూసుకుని ఉండాలి. ఎటూ తిరిగి తప్పించుకునే వీలుండదు కదా అని, అప్పుడు అడిగాను, తగువు లేకుండా, వీలైనంత నెమ్మదిగా. ఆమె కళ్ళు తెరవలేదు. మందు చెంపల మీదికి కారింది. మందే అనుకుంటాను. తెరిచాక, "బస్సు టైమయింది మే" అంది.

అక్కడ ఆగిపోయిన మాటే మళ్ళీ అడుగుతున్నాను. ఆ గదిలో "ఎవురికీ లేదు సార్" అన్నప్పుడు, గోడ పట్టుకుని నడిచిన మీ నాయన నీకు గుర్తుకు రాలేదా వదినా, లేక వచ్చాడా?