నాన్న దగ్గర తెలుగు నేర్చుకున్న రష్యన్

నాన్నకు ఫోన్‌లో వీడియోలు చూడటం నేర్పింది నేనే. ఇప్పుడు నా నెత్తి నేనే కొట్టుకుంటున్నాను. సోవియట్ రహస్య పోలీసుల మీద ఎవరో చేసిన వీడియో చూసినప్పటినుంచి ఆయనకు కంటిమీద కునుకు లేదు. వాళ్ల మనుషులు చదువుకునేవాళ్లుగా, గుమాస్తాలుగా దేశదేశాలు తిరిగి, ఇళ్లలో చనువు పెంచుకుని, కబుర్లు రాబట్టి పైకి పంపేవారట.

నాన్న తెలుగు మాస్టారు. నా చిన్నప్పుడు మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో మా ఇంటికి ఒక రష్యన్ వచ్చి ఆయన దగ్గర తెలుగు నేర్చుకునేవాడు. తమ దేశపు వర్తక కార్యాలయంలో ఉద్యోగమని చెప్పాడు. అమ్మను అక్కా అనేవాడు. నాన్న అతన్ని పుస్తకం తెరవనివ్వలేదు. వరసలతో మొదలుపెట్టాడు. ఇంటికొచ్చిన చుట్టాన్నల్లా ఎదురుగా కూర్చోబెట్టి, మీరు మాస్టారికి ఏమవుతారు, ఎక్కడ పని, ఏం పని అని శిష్యుడిచేత అడిగించేవాడు. తెల్లదొర తెలుగులో అడిగితే చుట్టాలు మురిసిపోయి కడుపులో ఉన్నదంతా చెప్పేసేవాళ్లు. ఎక్కువగా దొరికిపోయింది మా మామ, అమ్మ తమ్ముడు. అప్పట్లో ఊరి చివర మనలిలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు.

ఆ శిష్యుడే నాన్నకు మాస్కోలో అనువాదకుడి ఉద్యోగం కుదిర్చాడు. పాస్‌పోర్టు రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. నాన్న ట్యూషన్లతోనే బతుకు వెళ్లదీశాడు.

"ఫ్యాక్టరీ సంగతులన్నీ మీ మామ నోటినుంచి ఆ దొరకు నేనే చెప్పించినా గదమ్మా. దానివల్ల అప్పట్లో వాడికేమన్నా ఇబ్బంది అయ్యుంటే? క్షమించమని అడగాల" అన్నాడు నాన్న. వద్దన్నా వినలేదు. తిరువొత్తియూరులో మామ ఇంటికి తీసుకెళ్లాను.

నాన్న నిలబడే అంతా చెప్పాడు. మామ టీవీ ఆపేశాడు.

"నువ్వేం తప్పు చేసినావు బావా? ఆ దొర నిజంగా ఎవురో నాకూ తెలీదు. మన పోలీసులే మఫ్టీలో ఫ్యాక్టరీ కాడికి వచ్చేవోళ్లు. మీ ఇంట్లో ఏం మాట్లాడుకుంటారని నన్నే అడిగేవోళ్లు. ఉద్యోగం పోతాదని భయపడి చెప్పేసినా."

"ఏం చెప్పినావు?"

"నువ్వు రష్యావోళ్ల మనిషివని. నీ పాస్‌పోర్టు అందుకే రాలా."

నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టబోతే నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆటో ఎక్కాక ఒక్కటే మాటన్నాడు. "మీ అమ్మకు చెప్పబాక. ఆమెకుండే తమ్ముడు వాడొక్కడే."

ఆ రష్యన్ గూఢచారో, మా అందరినీ నిజంగా ఇష్టపడిన మనిషో ఇప్పటికీ తెలియదు. ఇక తెలిసే దారీ లేదు.

ఆదివారం మామ మామూలుగానే వచ్చాడు. అమ్మ కాఫీ ఇస్తూ, "మీ బావకు ఆ దొర మీద ఏందో అనుమానం పట్టుకున్నాదిరా. నువ్వన్నా చెప్పు, నీ మాటైతే వింటాడు" అంది.

మామ కాఫీ తిరగబోసుకుంటూ కూర్చున్నాడు.

"నాకు ఎవరి మీదా అనుమానం లేదులే" అన్నాడు నాన్న నవ్వుతూ. ఆయన అంత తేలిగ్గా అబద్ధమాడగలడని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ నవ్వు చూస్తే, ఇంకేమేం దాచాడోనని నాకు భయమేసింది.