శుభలేఖల లాంతర్లు

మొన్న ఆదివారం మా అమ్మాయి బడికి కాగితంతో ఏదో చేసి పట్టుకెళ్ళాలని కూర్చుంది. సీసాలో గమ్ము అయిపోతే, గిన్నెలో మైదాపిండి కలిపి స్టవ్ మీద పెట్టాను. తెల్లటి నీళ్ళు చిక్కబడి, మెరుపు తేలి, గరిటెకి అంటుకునే వేళకి వెచ్చటి పచ్చివాసన ఒకటి లేచింది. చిన్నప్పటి పెద్దాపురం, మా తాతయ్య వసారా, దాని నిండా వేలాడిన కాగితం లాంతర్లు ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి.

మా నాన్న ఆఖరి చెల్లెల్ని ఇంట్లో అందరూ చిట్టి అనేవారు. మాకు చిట్టత్త. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడగాలని మాకెప్పుడూ తోచలేదు, ఎందుకంటే పెళ్ళయి వెళ్ళిపోతే మా సెలవులన్నీ ఏమైపోయేవో ఊహించలేం. ఎండాకాలం మధ్యాహ్నాలు, పెద్దవాళ్ళు తాటాకు విసనకర్రలు గుండెల మీద పెట్టుకుని నిద్రపోతుంటే, అత్త నన్నూ, మా పెదనాన్న కూతురు రమణక్కనీ పెరట్లోకి తీసుకెళ్ళి కొబ్బరాకుతో బూరలూ, వాచీలూ చుట్టడం నేర్పేది. పగిలిన గాజుల ముక్కల్ని కొవ్వొత్తి మంట మీద వంచి ఒకదానిలో ఒకటి దూర్చి తోరణాలు చేయించేది. కొబ్బరిచిప్పని గాజుపెంకుతో గీకి గీకి నల్లగా నిగనిగలాడించి పెన్నులు పెట్టుకునే గిన్నె చేసేది. అగ్గిపెట్టెలతో బొమ్మలకి సొరుగుల బీరువా, చిరిగిన చీర అంచుతో పరుపు. "కొనేదేముందే ఇందులో? పారేసేదాన్ని పారెయ్యకుండా చూస్తే చాలు" అనేది.

అన్నిటికన్నా తేలిక లాంతరు. కాగితాన్ని నిలువుగా మడిచి, మడత వైపు నుంచి వరసగా గాట్లు పెట్టాలి, అంచుదాకా తెగనివ్వకూడదు. విప్పి గుండ్రంగా చుట్టి మైదా జిగురుతో అంటిస్తే పొట్ట ఉబ్బిన లాంతరు. పైన ఒక పట్టీ అంటిస్తే దారానికి గుచ్చుకోవచ్చు. మొదటిసారి కత్తెర పట్టిన పిల్లకైనా వచ్చేస్తుంది.

ఆషాఢంలో మరిడమ్మ జాతర. ఆదివారం మా ఇంటికి చుట్టాలందరూ వస్తారు. వసారా అంతా లాంతర్లు కట్టి అత్తని ఆశ్చర్యపరచాలని మా ఇద్దరి ఆలోచన. ముందురోజు అత్త ఏదో పరీక్ష ఉందని కాకినాడ వెళ్ళి, స్నేహితురాలింట్లో ఆగింది. రంగుకాగితాలు లేవు. రమణక్క అటకెక్కి, బూజు దులుపుతూ, రేకు పెట్టెలోంచి ఒక కట్ట దించింది. శుభలేఖలు! దళసరి అట్ట, గులాబీ రంగు, మీద బంగారు వినాయకుడు. ఒక్కదానికీ మూలల పసుపు పెట్టలేదు, ఎవరికీ పంచలేదు. మేం బంగారాన్నే చూశాం గాని అక్షరాలు చూడలేదు. చూసినా చి.ల.సౌ. సత్యవాణి ఎవరో మాకేం తెలుసు? చిట్టత్తకి ఇంకో పేరుంటుందని మేమెప్పుడూ అనుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం, గారెలూ కోడికూరా తిన్న చుట్టాలు వసారాలో కిళ్ళీలు వేసుకుంటున్నారు. బయట సన్నగా జల్లు. తలల మీద లాంతర్లు ఊగుతున్నాయి. ఉప్పాడ నుంచి వచ్చిన మా పెద్దత్త మెచ్చుకుంటూ ఒకదాన్ని చేత్తో ఆపి, కళ్ళు చికిలించి చదివింది.

"ఇది... మన చిట్టి శుభలేఖ కాదుటే?"

పడక్కుర్చీలో ఉన్న తాతయ్య తల పైకెత్తి, అలాగే ఉండిపోయారు. సరిగ్గా అప్పుడే బస్సు దిగి, గొడుగు ముడుస్తూ చిట్టత్త మెట్లెక్కింది. అందరి మొహాలూ చూసింది, తర్వాత పైకి చూసింది. దగ్గరున్న లాంతరుని పట్టుకుని, వేలితో అతుకు తడిమి, నాతో మెల్లగా అంది: "అచ్చు లోపలికి పెట్టి అంటించాలే."

ఎవరూ మమ్మల్ని తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. వంటింటి మూల కూర్చుని ఏడుస్తుంటే అమ్మ చెప్పింది. పెళ్ళికొడుక్కి మూర్ఛ ఉందని ఎవరో వచ్చి చెబితే, తాతయ్య ఆ పూటే సంబంధం వద్దని కబురు పంపేశారట. అది కిట్టనివాళ్ళు పుట్టించిన మాటని తేలేసరికి అతనికి వేరేచోట పెళ్ళయిపోయింది. తర్వాత వచ్చిన ఏ సంబంధానికీ అత్త ఒప్పుకోలేదు.

చుట్టాలు వెళ్ళాక తాతయ్య అత్తని పిలిచారు. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

"తొందరపడ్డానమ్మా ఆ వేళ. చెప్పుడు మాట విన్నాను."

అత్త ఆయన వైపు చూడకుండా, "నన్నొక్క మాట అడిగుంటే బాగుండేదండి, నాన్నగారూ" అంది.

తాతయ్య తలూపారు. ఆ తర్వాత అత్త వసారాలో కూర్చుంటే ఆయన చేతికర్ర అందుకుని లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. ఆ ఏడు చలికాలంలోనే పోయారు. మేం కాగితం కొయ్యకపోతే ఆ మాటలు వచ్చేవి కావు కదా అని నేను లోలోపల కుమిలిపోయేదాన్ని. సెలవులకి వెళ్ళినా కత్తెర ముట్టేదాన్ని కాదు.

నిన్న కాకినాడ వెళ్ళాను. అత్త అక్కడే చాలా ఏళ్ళు ఆడపిల్లలకి చేతిపనులు నేర్పి, ఇప్పుడు ఊరికే ఉంటోంది. నేర్చుకునే పిల్లలు లేరు, అన్నీ షాపుల్లో తయారుగా దొరుకుతున్నాయి. పెద్దాపురంలో ఆ వసారా కొట్టేసి వరసగా షట్టర్లు వేశారు. పెళ్ళి పిలుపులు ఫోన్లలోనే వచ్చేస్తున్నాయి. అదీ ఇదీ మాట్లాడుతూ, ఇన్నేళ్ళూ అనలేనిది అనేశాను.

"ఆ రోజు అదంతా మా వల్లే కదత్తా?"

అత్త నవ్వింది. "మీరు పసిపిల్లలే. మీకేం తెలుసు? నాకు తెలుసుగా. అంత పెద్దాయన తగ్గి తప్పు ఒప్పుకుంటే, పోన్లెండి నాన్నగారూ అని ఉంటే నా సొమ్మేం పోయేది? ఆ ఒక్క మాట నా నోట రాలేదే."

ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పోన్లే అత్తా అని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మాట అనవలసిన మనిషిని నేను కాదు.