చందాను తీసుకుని సెంటినరీ కాలనీకి

సికింద్రాబాదులో ఉదయం ఎనిమిదిన్నర రైలు పావుగంట ఆలస్యంగా కదిలింది. ఆ పావుగంటలో చందా తన సంచి జిప్పు ఏడెనిమిది సార్లు తెరిచి మూశాడు. లోపల రెండు తెల్ల పింగాణీ పళ్ళాలున్నాయి. ఒకదాని మీద ఒకటి బోర్లించి, గుడ్డలో మూటకట్టి పెట్టాడు. అవి పగిలితే పెళ్ళి ఆగిపోతుందన్నంత భయం అతనికి.

ఈ ప్రయాణం ఎందుకో ముందే చెప్పేస్తాను. నా పేరు ఎస్తేరు. హైదరాబాదులో రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని. చందాది ఆఫ్రికాలోని జాంబియా దేశం. చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో కుదిరాడు. వాళ్ళ నాన్న అక్కడి రాగి గనిలో పనిచేసి రిటైరయ్యాడు. మా నాన్న రామగుండం దగ్గర సెంటినరీ కాలనీలో, సింగరేణి బొగ్గు గని ఆఫీసులో హాజరు చూసే గుమాస్తా. మేమిద్దరం పెళ్ళి చేసుకుంటామని ఇంట్లో చెప్పి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ నాన్న ఆ మాట వినపడనట్టే గడిపాడు. పోయిన నెల ఫోనులో ఉన్నట్టుండి అన్నాడు.

"ఒక్కసారి తోలుకరా. చూస్త. చూసినంక వద్దంటే మల్ల ఈ ముచ్చట ఎత్తద్దు. సరేనా?"

సరేనన్నాను. ఫోను పెట్టేయగానే, ఎందుకన్నానా అనిపించింది. నాన్న మాటంటే మాటే. నేనూ ఆయన కూతురినే కాబట్టి నా మాటా అంతే.

చందా కష్టం ఇంకొకటి. వాళ్ళలో పిల్లనిమ్మని పిల్లవాడు తానే అడగకూడదు. అతని తరఫున మధ్యవర్తి ఒకరు వెళ్ళి, మూతపెట్టిన పళ్ళెం పిల్ల ఇంట్లో పెట్టి, మాట కదపాలి. ఆ మధ్యవర్తిని షిబుకొంబె అంటారు. హైదరాబాదులో ఉండే వాళ్ళ దేశపు పెద్దాయన ఒకరు వస్తానని మాటిచ్చి, సరిగ్గా ముందురోజు జ్వరంతో పడ్డాడు. పళ్ళాలు వచ్చాయి, పెద్దమనిషి రాలేదు.

"నేనే మాట్లాడితే మీ నాన్న నన్ను పెద్దలు లేనివాడనుకుంటాడు" అన్నాడు చందా భువనగిరి దాటుతుండగా.

"మా నాన్న అంతకంటే పెద్దవే అనుకుంటాడు, ఇడ్లీ తిను" అన్నాను.

తినలేదు. అతని ఇడ్లీ కూడా నేనే తిన్నాను. ఈ రైల్లో వచ్చే ఇడ్లీ బాగానే ఉంటుంది. చట్నీ మీద మాత్రం ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

పదకొండింటికి కాజీపేట. ఒక పెద్దావిడ రెండు సంచులతో ఎక్కి మా ఎదుటి సీట్లో కూర్చుంది. పేరు ఓదెమ్మ. సింగరేణి కంపెనీ దవాఖానలో ఆయాగా చేసి రిటైరయింది. శ్రీరాంపూర్‌లో ఇల్లు, కాబట్టి మంచిర్యాలలో దిగాలి. ఇవన్నీ ఆమె రైలు కదలకముందే చెప్పేసింది. తరువాత చందా వైపు తిరిగింది.

"నీదే ఊరు బిడ్డా?"

"జాంబియా, అమ్మా." చందా తెలుగు ఆటోవాళ్ళ దగ్గర నేర్చుకున్నది. తక్కువే అయినా గట్టిగా మాట్లాడతాడు.

"అదేడుంటది? మహారాష్ట్ర దిక్కా?"

"ఇంకా కొంచెం దూరం."

"పేరేంది?"

"చందా."

ఆమె నడుముకున్న చిన్న సంచి మీద చెయ్యి పెట్టుకుంది. "దేనికి?"

అతని పేరే అదని నేను చెప్పేసరికి పక్క సీట్లవాళ్ళు కూడా నవ్వారు. చందా అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆరేళ్ళుగా ఈ దేశంలో అతను అడగకుండానే జనం జేబులు తడుముకుంటున్నారు.

ఓదెమ్మకు నవ్వు ఆగాక ఆరా మొదలైంది. జమ్మికుంట నుంచి ఓదెల వచ్చేలోపు మా కథంతా ఆమె నా నోటినుంచి లాగేసింది. పళ్ళాల సంగతి వినగానే నిటారుగా కూర్చుంది.

"నేను పదకొండు పెండ్లిండ్లు కుదిర్చిన. తొమ్మిది మంచిగనే ఉన్నయ్. పెద్దమనిషికి ఏమేం ఉండాల్నట మీ దాంట్ల?"

చందా వేళ్ళు మడిచి చెప్పాడు. వయసుండాలి, సంసారం చేసి ఉండాలి, మాటకారి అయి ఉండాలి, కోపం రాకూడదు.

"మూడున్నయ్, సాలదా?" అంది.

రామగుండం వచ్చేసరికి పన్నెండు నలభై. మాతోపాటు ఆమె కూడా రెండు సంచులతో దిగిపోయింది. మీ టికెట్టు మంచిర్యాలకు కదా అంటే, "మంచిర్యాలకు బస్సులు లేవా ఏంది? నడువుండ్రి జల్ది" అంది.

స్టేషను నుంచి ఆటోలో జ్యోతినగర్ మీదుగా గోదావరిఖని బస్టాండుకు వచ్చి, అక్కడ సెంటినరీ కాలనీ బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి టికెట్టు చందా ఒక్కడికే కావాలి. కండక్టరు అతన్ని కిందినుంచి పైదాకా చూసి, "ఈయన ఎవలు?" అని ఓదెమ్మను అడిగాడు.

"మా పిల్లగాడు. టికెట్ కొట్టు" అంది ఆమె.

కండక్టరు ఇంకేమీ అడగలేదు. ఆమె గొంతులో అడగనిచ్చే వీలు లేదు.

ఎవరినైనా ఇంటివాళ్ళకు చూపించడానికి ఈ దారిన తీసుకెళ్ళేవారు ఆదివారమే వెళ్ళండి. గనికి సెలవు, అందరూ ఇళ్ళలోనే ఉంటారు. తిప్పలు కూడా దానివల్లే. రెండింటికి బస్సు దిగేసరికి కాలనీ అంతా అరుగుల మీదే ఉంది. చందా వాళ్ళ పద్ధతి ప్రకారం మూల మీది చాయ్ హోటల్ దగ్గరే ఆగిపోయాడు. పళ్ళాల మూట ఓదెమ్మ చేతికిచ్చాడు. ఇచ్చాక కూడా ముడి ఇంకోసారి లాగి చూశాడు. నేను చూడనట్టు నడిచాను.

మా ఇంట్లో నాన్న, మార్తమ్మత్త ఉంటారు. అత్త నాన్నకు అక్క. నా చిన్నప్పుడు అమ్మ పోతే, తన సంసారం కట్టిపెట్టి వచ్చి నన్ను పెంచింది. చర్చికి వేసుకున్న తెల్లచొక్కా విప్పకుండా నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గుమ్మంలో నా వెనుక ఓదెమ్మను చూసి తికమకపడ్డాడు.

"పిల్లగాడేడి? ఈమె ఎవలు?"

"పిల్లగాడు హోటల్ కాడున్నడు. నేను వాని తరఫు పెద్దమనిషిని" అని ఓదెమ్మ లోపలికి వచ్చి, టీపాయ్ మీద పేపరు జరిపి పళ్ళాలు పెట్టింది. "తమ్మీ, వీటిల తెల్ల పూసలున్నయ్. ఉంచుకుంటే మాట ముంగటికి పోయినట్టు. తిరిగిస్తే ఇగ లేనట్టు. నీ ఇష్టం."

నాన్న వాటిని ముట్టలేదు. వంటింట్లోంచి వచ్చిన అత్తకు మాత్రం ఒక్క మాటే వినపడింది.

"పిల్లగాన్ని హోటల్ కాడ కూసోబెట్టిండ్రా? గీ ఎండల?"

పిలిస్తే వచ్చాడు. వెనకాలే సగం కాలనీ వచ్చింది. గుమ్మం దగ్గర చందా మోకాళ్ళు వంచి, తల దించి, రెండు చేతులతో మెల్లగా చప్పట్లు కొట్టాడు. అది వాళ్ళలో పెద్దలకు పెట్టే దండం. అత్తకేం తెలుసు? ప్రార్థన మొదలైందనుకుని తలమీద కొంగు కప్పుకుని కళ్ళు మూసుకుంది. చప్పట్లు ఆగగానే "ఆమెన్" అంది. గుమ్మంలో ఉన్నవాళ్ళు కూడా ఆమెన్ అన్నారు. వాళ్ళలో ఇద్దరు హిందువులు.

కళ్ళు తెరిచిన అత్త చందాను అప్పుడే సరిగా చూసింది. నా చెవిలో అన్నాననుకుంది గానీ, అత్త గుసగుస పక్క క్వార్టరుకు కూడా వినిపిస్తుంది.

"కొంచెం చాయుంటే బాగుండు గదనే."

అత్తది ఇవాళ్టి పాట కాదు. నాకు వచ్చిన సంబంధాల్లో నలుగురిని నలుపని ఆమే వద్దంది. చిన్నప్పుడు నా మొహానికి శనగపిండి రుద్ది రుద్ది, ఎంతకీ తెల్లబడడం లేదని దుఃఖపడేది. ఓదెమ్మ ఏదో అనబోయింది. అంతలో చందా తెలుగులో, నెమ్మదిగా అన్నాడు.

"నలుపు అంటే నాకు తెలుసు అమ్మా. హైదరాబాద్‌ల ఇల్లు అద్దెకు అడిగిన. ఫస్టు ఆ మాటే నేర్చుకున్న."

అతని మొహంలో కోపం లేదు. అత్తకు తప్పు ఒప్పుకోవడం రాదు. వడ్డించడం వచ్చు. గిన్నెలన్నీ మోసుకొచ్చి చాపమీద పెట్టింది. మటన్ కూర, బగారన్నం, పచ్చిపులుసు, గుడ్లు.

"తిను బిడ్డా."

చందా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, "వద్దమ్మా" అన్నాడు.

సింగరేణి నేలమీద ఇంతకంటే పెద్ద అవమానం లేదు. నాన్న మొహం మారిపోయింది. "ఏంది? మా వంట పనికిరాదా?"

ఈ సంగతి నాకు తెలుసు, చెప్పడం మరిచిపోయాను. వాళ్ళలో కాబోయే అత్తగారింట్లో పిల్లవాడు ముద్ద ముట్టకూడదు. వాళ్ళు అల్లుడిగా ఒప్పుకుని, వండి, పిలిచి పెట్టిననాడే తినాలి. నేను చెప్పిందాన్ని ఓదెమ్మ పది మందికీ వినపడేలా మళ్ళీ చెప్పింది.

"అంటే, అన్నం తినాల్నంటే అల్లుడనాల్నా?" అడిగింది అత్త.

"గంతే."

"పొద్దటిసంది ఏం తిన్నడు?"

"ఏం తినలే. ఇడ్లీ గూడ ఈ పిల్లనే తిన్నదట."

అత్త నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తరువాత నాన్న వైపు తిరిగింది. మా ఇంట్లోంచి ఆకలితో బయటికి పోయిన మనిషి లేడు. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాడు కూడా తిని పోయాడు.

"నన్నేం చూస్తవక్కా? ఆకలైతే ఆకలితోనే పోతడు" అన్నాడు నాన్న. కానీ అన్న తరువాత కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. మాకు వీపు పెట్టే మాట్లాడాడు.

"నలుపని కాదు, ఏ దేశమని కాదు. నా ఫికరు వేరే. పక్కూరి పిల్లగాడైతే, రేపు ఏమన్న అయితే నలుగురిని తీసుకొని పోయి పంచాయితీ పెడత. వాళ్ళ నాయిన గల్ల పట్టుకుంట. ఈయనతోని ఏమన్న అయితే నేను ఏడికి పోవాలె? ఎవలనడగాలె? నేను పోయినంక దీని తరఫున ఎవలు అడుగుతరు?"

రెండేళ్ళు ఆయన వినపడనట్టు ఉన్నది ఈ భయంతోనని నాకు అప్పుడే తెలిసింది. ఆయన అడిగింది చందాకు ఇంగ్లీషులో చెప్పాను. చందా వెంటనే ఓదెమ్మను చూపించాడు.

"అమ్మను అడగాలి. మా దాంట్ల గొడవ వస్తే షిబుకొంబె దగ్గరికి పోవాలి. ఎప్పుడూ. లైఫ్ మొత్తం."

ఓదెమ్మ నోట్లో వక్క ఆగిపోయింది. "ఈ మాట రైల్ల చెప్పకపోతివి గదరా!"

గుమ్మంలో ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. పళ్ళాల వైపు చూసింది, నా వైపు చూసింది. పదకొండు పెళ్ళిళ్ళ మనిషి పన్నెండోది లెక్క వేసుకుంటున్నట్టు అనిపించింది.

"సరే తమ్మీ" అంది చివరికి. "శ్రీరాంపూర్ ల ఓదెమ్మ ఆయా ఇల్లు అంటే చిన్న పోరగాండ్లు గూడ చూపెడతరు. ఏమన్న అయితే వచ్చి నా అరుగు మీద కూసో. వీని చెవు పట్టి నేను తీసుకొస్త. వీడు దేశం దాటిపోయినా నేను విడువ."

"ఫోన్ నంబరు?" అన్నాడు నాన్న.

హాజరు గుమాస్తా కదా. డైరీ తీసి ఆమె పూర్తి పేరు, ఇంటి నంబరు, ఇద్దరు కొడుకుల పేర్లు, వాళ్ళు పనిచేసే గనులు, ఏ షిఫ్టో కూడా రాసుకున్నాడు. రాసింది ఆమెకు చదివి వినిపించాడు. తరువాత డైరీ మూసి, చందాను చూడకుండా, అత్తతో అన్నాడు.

"అల్లునికి అన్నం పెట్టక్కా. కూర సల్లారుతుంది."

ఆ వాక్యంలో చందా 'అల్లుడు' అన్న ఒక్క మాటే పట్టుకున్నాడు. అదే చాలు. చెయ్యి కడుక్కోవడానికి లేచినవాడు పెరట్లో కొళాయి దగ్గర చాలాసేపు ఉండిపోయాడు. మొహం కూడా కడుక్కుని వచ్చాడు. తరువాత తిన్న తిండి గురించి రాస్తే అతని పరువు పోతుంది. మూడోసారి వడ్డిస్తున్నప్పుడు అత్త మొహం వెలిగిపోయింది. చాయ మాట మళ్ళీ ఎత్తలేదు.

నాలుగింటికి బయలుదేరాం. గోదావరిఖనిలో ఓదెమ్మను మంచిర్యాల బస్సు ఎక్కించాం. అత్త ఇచ్చిన మటన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి "కొట్లాడుకుంటే నాకు పొద్దుగాల ఫోన్ చెయ్యిండ్రి, పగటాల నేను పండుకుంట" అని చెప్పింది. నాన్న స్కూటరు మీద రామగుండం స్టేషను దాకా వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద ఆయనా చందా పక్కపక్కన నిలబడి గూడ్సు బండి పోయేదాకా పెట్టెలు చూశారు. రైలు వచ్చినప్పుడు నాన్న అతని చేతిలోంచి సంచి తీసుకుని తానే లోపల పెట్టి దిగాడు.

సాయంత్రం ఐదూ ముప్పావు రైలు రద్దీగా ఉంది. సీటు దొరకగానే చందా నిద్రపోయి నా భుజం మీదికి ఒరిగాడు. పెద్దపల్లిలో నడివయసు దంపతులు ఎక్కారు. ఆయన మా ఇద్దరినీ చూసి అడిగాడు.

"ఈయన నీకేమైతడమ్మా?"

"నేను చేసుకోబోయేటాయన. మా నాయిన ఒప్పుకున్నడు" అన్నాను. బోగీ అంతా నిశ్శబ్దమైపోతుందనుకున్నాను.

"అట్లనా" అన్నాడాయన. "అయితే కొంచెం జరగమను. మా ఆమె కూసుంటది."

జరిపాను. చందా నిద్రలోనే జరిగాడు. కిటికీ దగ్గర కూర్చున్నాయనతో కలిపి నలుగురం ముగ్గురి సీట్లో సర్దుకుని కాజీపేట దాకా వచ్చాం.