పిల్లలకోడి పొడిచిందా

మొన్న అటక దులుపుతుంటే పాత అలారం గడియారం దొరికింది. ముళ్లు కదలవు. పారేయమంది కోడలు. పనికిరాదని వస్తువు పారేసే అలవాటు నాకు లేదు, తుడిచి గూట్లో పెట్టాను.

కురబలకోట దగ్గర మా నాయనకు గొర్రెలుండేవి. మంద దగ్గర దుప్పటి కప్పి పిల్లలకోడి, గొల్లకావడి, మంచంకోళ్లు అని చుక్కల్ని చూపించేవాడు. మూడో తరగతితో బడి మానేశాను గానీ పైకి చూడటం మానలేదు. పుంగనూరు పక్క పల్లెకు కాపురానికొచ్చాక ఆ పిచ్చి పనికొచ్చింది కూడా. వేగుచుక్క చూసి నేను లేపితేనే మా ఆయన సంతకు బండి కట్టేవాడు. ఒక చలికాలం మబ్బు విడిచిన సందులో తూర్పున పెద్ద చుక్క మెరిసింది. అదే వేగుచుక్క అనుకుని లేపేశాను. పాపం, ఆయన వంకాయల బండితో పుంగనూరు చేరేసరికి సంతలో కుక్కలు తప్ప ఎవరూ లేరట. గోనెపట్టా కప్పుకుని బండి కిందే ముడుచుకున్నాడు. పల్లెంతా నవ్వింది. మా అత్తయితే నన్ను చుక్కలమ్మ అని పిలవడం మొదలుపెట్టింది. ఆయన మాత్రం మదనపల్లెకు పోయి ఈ గడియారం కొనుక్కొచ్చాడు. అదే నాకు గుచ్చుకుంది. ఆ రోజు నుంచి వాకిట్లో నిలబడినా నేలనే చూశాను. ఏళ్లు గడిచినా తల ఎత్తబుద్ధి కాలేదు.

కుప్పం అవతల, రామకుప్పం దగ్గర మా కూతురి ఊరు. ఒక కార్తీకంలో రాగి కోతలకు వెళ్లాం. ఏనుగులు పడతాయని మా ఆయన పొద్దు వాలకముందే మంచె ఎక్కి కూర్చునేవాడు. ఒక సాయంత్రం సంగటి తీసుకెళ్లాను. అప్పటికే ఆయన కళ్లకు పొరలొచ్చాయి.

"ఏమే, పిల్లలకోడి పొడిసినాదా?" అన్నాడు.

"గడియారం ఉండాది కదా, దాన్నే అడిగేది."

సంగటి పిసుకుతూ చెప్పాడు.

"ఆ పొద్దు నువ్వు తప్పుగా లేపితివే, బండి మీద ఒగణ్ణే ఆకాశమంతా సూసుకుంటా పోతి. అబ్బుట్నించి దినామూ సూస్తానే ఉండా. ఇబ్బుడు కండ్లకు ఆనడం ల్యా. నువ్వన్నా సూసి సెప్పు."

ఎన్నేళ్లకో తల ఎత్తాను. మెడ పట్టేసింది. తూర్పు గుట్ట మీద గుంపుగా, మా నాయన చూపించినట్టే ఉంది. "పొడిసినాది," అన్నాను. ఆయన తలూపి సంగటి తిన్నాడు. ఆ కోతలు అయిపోయేదాకా రోజూ అడిగాడు, రోజూ చెప్పాను. ఇంటికొచ్చాకా అంతే.

ఇప్పుడు అడిగేవాళ్లు లేరు. ఈ కార్తీకంలోనూ వాకిట్లో నిలబడి, పొడిసినాది అని పైకే అనేశాను. కాలం మనిషిని తీసుకుపోతుంది గానీ, ఆ మనిషికి చెప్పిన మాటను మన నోట్లోనే వదిలిపోతుంది.